బండిచక్రమును లారీచక్రమును



నేఁడు నేను చక్రమును గూర్చి కొన్ని మాటలు మనవి చేయఁదలఁచినాను. పురాణములలోని చక్రముల మాట కాదు. మన ధాన్యమును చేనినుండి కళ్ళమునకుఁ దెచ్చు బండిచక్రము మాట. కళ్ళమునుండి బజారునకుఁ గొనిపోవు లారీచక్రము మాట. ముప్పది యేండ్లకు మించి పిల్లలకు లెక్కలును తెనుఁగును చెప్పి విశ్రమించిన పంతులునకు లారీలతో నేమి పనియని మీరడుగవచ్చును. ఆ పనిని నాకు నా పూర్వశిష్యుఁడొకఁడు కల్పించినాఁడు. ముందుగా ఆ వృత్తాంతము చెప్పి, పిదపఁ జరిత్రలోనికిఁ బోయెదను.

అతఁడు కొలఁది పొలము గల రైతు. ఒక పాత చిన్నలారీని గొని, మాసూళ్ళ కాలమున ఊరివారి ధాన్యమును మిల్లునకుఁ దోలుచు జీవించుచున్నాఁడు. మా యూరి పుంతదారి సంగతి వర్షకాలమున నడిచినవారికే తెలియును. లారీ తఱుచుగా దిగఁబడుచుండెను. కాఁబట్టి యతఁడు ఉన్న 30 అంగుళముల టైర్లను విప్పించి, 34 అంగుళముల టైర్లను వేయించెను. "పెద్దచక్రము గోతులను సుళువుగా దాఁటును, ఎద్దుబండి తోలినవాఁడికి ఆమాత్రము తెలియదా?" అని యతని తర్కము. పుంతలో నిజముగనే సుళువైనది. కాని బస్తాలతో నిండిన లారీ కాలువగట్టు ఎక్కవలసివచ్చినప్పుడు సగము దూరము పోయి నిలిచిపోయెను. క్లచ్చి కాలి వాసన వచ్చినది. బ్రేకు త్రొక్కినను బండి నిలువక వెనుకకు జాఱినది. బస్తాలపైఁ గూర్చున్న కూలిస్త్రీ యొకతె క్రిందఁబడఁగా నామె కాలు విఱిగినది.

చూచినవారందఱును "ఇంజనులో సత్తువ పోయినది" అనిరి. ఇంజనును విప్పి బాగుచేయుటకుఁ గావలసిన సొమ్మునకు ఇంట నున్న బంగారము చాలదు. అప్పుపత్రముపై సాక్షిసంతకము చేయుమని యతఁడు నాయొద్దకు వచ్చెను. నేను కలము చేతఁ బట్టుకొని, "నాయనా, నిన్నటివఱకు గట్టు ఎక్కిన యింజను ఒక్కనాఁట నెట్లు ముసలిదైనది? నడుమ నీవేమి మార్చితివి?" అని యడిగితిని. "టైర్లు తప్ప ఏమీ మార్చలేదండి పంతులుగారూ" అని యతఁడు బదులు చెప్పెను. నేను కలము క్రిందఁ బెట్టితిని. ఆ నాఁడు సంతకము చేయలేదు.

ఇప్పుడు చరిత్ర వినుఁడు.

మన పూర్వులు ఎద్దుబండికి రొమ్మెత్తు చక్రములు కట్టిరి. అందులకుఁ గారణములు రెండు. చిన్నచక్రము గోతిలోనికి దిగును. పెద్దచక్రము అదే గోతిని వంతెనవలెఁ దాఁటును. ఇది యొకటి. ఇరుసుమీఁదఁ జక్రపుఁగుండ ఒఱయునపుడు కలుగు ఒఱపిడి, చక్రము పెద్దదైనకొలఁది యెద్దులకుఁ దక్కువ బరువుగాఁ దోఁచును. ఇది రెండవది. కాఁబట్టి ఎద్దుబండి విషయమునఁ బెద్దచక్రము మేలే. నా శిష్యుని తర్కములోఁ దప్పు లేదు.

అయితే ఎద్దు ఎక్కడ నున్నది? చక్రమునకు వెలుపల నున్నది. కాడిని మెడపైఁ బెట్టుకొని, డెక్కలను నేలపై నూని, బండినంతయు ముందునకు ఈడ్చుచున్నది. బండిచక్రము తాను బండిని నడుపదు. బండి నడచుచుండఁగాఁ దాను తిరుగును. లారీలో ఎద్దు చక్రమునకు లోపల నున్నది. ఇంజను ఇరుసును త్రిప్పును. ఇరుసు చక్రమును త్రిప్పును. చక్రము నేలను వెనుకకు నెట్టఁగా బండి ముందునకుఁ బోవును. ఒక చిన్నకఱ్ఱ చివర బిందెను గట్టి రెండవ చివరఁ బట్టుకొని పై కెత్తుఁడు. పిదప నదే బిందెను నిడుపైన కఱ్ఱకుఁ గట్టి యెత్తుఁడు. బిందె యదియే, కాని మణికట్టు నొచ్చును. ఇరుసునకు మణికట్టు స్థానము. చక్రపు సగము వ్యాసము కఱ్ఱ. నేల యెదురుబలము బిందె. చక్రము పెద్దదైనకొలఁది కఱ్ఱ నిడుపగును. ఎద్దునకు మేలు చేసిన పెద్దచక్రమే యింజనునకు భారమగుట కిదియే కారణము.

ఈ భేదమును లోకము ఒక్కనాఁట నేర్వలేదు. దీనిని మొదట రైలుబండివారు నేర్చిరి. ఆవిరియింజనులో గేరులు లేవు. ఆవిరి త్రోయు కడ్డీ తిన్నగాఁ జక్రమునకే తగిలియుండును. కడ్డీ యొకమాఱు ముందునకును వెనుకకును పోయివచ్చినచోఁ జక్రము ఒక చుట్టు తిరుగును. కాఁబట్టి వేగము కావలెనన్నచోఁ జక్రమునే పెద్దది చేయవలెను. బరువు ఈడ్వవలెనన్నచోఁ జక్రమునే చిన్నది చేయవలెను. ఇంగ్లాండులో 1829లో రెయిన్‌హిల్ పందెమున గెలిచిన స్టీఫెన్‌సనుల రాకెట్ అను యింజనునకు నడుపు చక్రము 4 అడుగుల 8½ అంగుళములు. 1870లో ప్యాట్రిక్ స్టిర్లింగ్ అను నింజనీరు త్వరితప్రయాణపు రైళ్ళకై కట్టించిన యింజనునకు అదే చక్రము 8 అడుగుల 1 అంగుళము. మొదటిది ఒక చుట్టునకు ఇంచుమించు 15 అడుగులు పోవును. రెండవది 25 అడుగులకు మించి పోవును.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. నా బాల్యమున బెజవాడ స్టేషనులో రెండు తరగతుల పెద్ద యింజనులు కనఁబడుచుండెడివి. ప్రయాణికుల రైళ్ళ నీడ్చునది డబ్ల్యూ. పి. అను తరగతి; అది 1947లో మన దేశమునకు వచ్చినది. సరకుల రైళ్ళ నీడ్చునది డబ్ల్యూ. జి. అను తరగతి; అది 1950లో వచ్చినది. ఈ రెంటికిని ఆవిరి కాఁచు బాయిలరు ఒకే నమూనాది. కాని ప్రయాణికుల యింజనునకు నడుపు చక్రములు 5 అడుగుల 7 అంగుళములు. సరకుల యింజనునకు 5 అడుగుల 1½ అంగుళము. మొదటిదానికి నడుపు చక్రములు ఆఱు, రెండవదానికి ఎనిమిది. పొయ్యి యొక్కటే, కుండ యొక్కటే, వంటలు వేఱు. చక్రమును జూచియే ఏ యింజను పరుగెత్తునదో, ఏ యింజను బరువు మోయునదో చెప్పవచ్చును.

రెండవ పాఠమును సైకిలువారు నేర్చిరి. ఇంగ్లాండులోని కావెంట్రీ నగరవాసి జేమ్స్ స్టార్లీ 1870లో మఱియొకనితోఁ గలిసి పెద్దచక్రపు సైకిలునకుఁ బేటెంటు పొందెను. దానికి గొలుసు లేదు. త్రొక్కుడు కమ్మెలు ముందుచక్రపుటిరుసునకే తగిలియుండెడివి. కాలు ఒక చుట్టు త్రొక్కినచోఁ జక్రము ఒక చుట్టే తిరుగును. వేగము కోరినవాఁడు పెద్దచక్రమును గోరెను. కొన్నిటికి 60 అంగుళముల చక్రము కట్టిరి. కాలు పొడవైనవానికిఁ బెద్దచక్రము, పొట్టివానికిఁ జిన్నచక్రము! మిట్ట వచ్చినచో దిగి నడిపించుకొనిపోవలెను. ఱాయి తగిలినచోఁ దలక్రిందుగాఁ బడవలెను.

1885లో ఆ స్టార్లీగారి సోదరపుత్రుఁడగు జాన్ కెంప్ స్టార్లీ రోవర్ అను పేరుతో వేఱొక సైకిలును బజారునకుఁ దెచ్చెను. మన మిప్పుడు త్రొక్కు సైకిళ్ళన్నియు దాని సంతతివే. త్రొక్కుడు దగ్గఱ నొక పండ్లచక్రము, వెనుకచక్రము దగ్గఱ నొక చిన్న పండ్లచక్రము, రెంటికిని గొలుసు. ముందరి పండ్లు వెనుకటి పండ్లకు రెట్టింపైనచో, కాలు ఒక చుట్టు త్రొక్కఁగా వెనుకచక్రము రెండు చుట్లు తిరుగును; 30 అంగుళముల చక్రము 60 అంగుళముల చక్రము పని చేయును. మన యిండ్లలోని రాట్నములో నున్నది యీ సూత్రమే: పెద్దచక్రము మెల్లగాఁ దిరుగును, కదురు గిఱ్ఱున తిరుగును. చక్రపు టెత్తును గేరు తీర్చఁగలదని లోకము సైకిలువలన స్పష్టముగాఁ దెలిసికొనెను. అందుచేతనే సైకిలు శాస్త్రమెఱిఁగినవారు నేఁటికిని గేరును అంగుళములలోఁ గొలుచుచున్నారు. ఆ యంగుళములు వెనుకటి పెద్దచక్రపు వ్యాసమే.

ఆ పెద్ద స్టార్లీయే 1877లో మూఁడుచక్రముల సైకిలుకొఱకు మఱియొక పరికరమునకుఁ బేటెంటు పొందెను. మలుపు తిరుగునపుడు వెలుపలి చక్రము ఎక్కువ దూరమును, లోపలి చక్రము తక్కువ దూరమును పోవలెఁ గదా. రెండును ఒకే యిరుసునకు బిగించినచో నేదో యొకటి నేలను గీఁకవలసినదే. ఆ కష్టమును దీర్చు పండ్లచక్రముల కూర్పు అది. ఫ్రాన్సుదేశమున ఒనేసిఫోర్ పెకర్ అను నతఁడు అంతకు ముందే యట్టి కూర్పును కల్పించియుండెను. నేఁటి లారీ వెనుక యిరుసు నడుమఁ గనఁబడు గుండ్రని బుఱ్ఱలో నున్నది ఆ కూర్పే. మెకానికులు దానిని డిఫరెన్షియల్ అందురు.

ఆ బుఱ్ఱలోనే మన కథకుఁ గావలసిన జంట యున్నది. ఇంజనునుండి వచ్చు కడ్డీ చివర నొక చిన్న పండ్లచక్రము. దానిని పినియను అందురు. అది త్రిప్పు పెద్ద పండ్లచక్రమును క్రౌను అందురు. ఇంజను మిక్కిలి వేగముగాఁ దిరుగును, గాని దాని మెలిబలము కొంచెము. చక్రమునకు వేగము కొంచెము చాలును, గాని బలము ఎక్కువ కావలెను. రాట్నమును తలక్రిందు చేసినట్లు ఇక్కడఁ జిన్నది పెద్దదానిని త్రిప్పును. క్రౌను పండ్లను పినియను పండ్లచే భాగింపఁగా వచ్చు లబ్ధమే ఇరుసు గేరు.

అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో విడుదల చేసిన టీ నమూనా కారునకు క్రౌను పండ్లు 40, పినియను పండ్లు 11, భాగింపఁగా 3.64. ఇంజను కడ్డీ 3.64 చుట్లు తిరిగినఁ జక్రము ఒక చుట్టు తిరుగును. దాని వెనుక టైర్ల యెత్తు 30 అంగుళములు. 1917లో ఆ కంపెనీయే ఆ యింజనుతోనే ఒక టన్ను మోయు లారీచట్రమును చేసినది. వెనుకచక్రము 32 అంగుళములైనది. పెరుఁగుదల పదునైదింట నొక పాలు మాత్రమే. గేరు మాత్రము 7.25 అయ్యెను, అనఁగా ఇంచుమించు రెట్టింపు. పిమ్మట వేగము కోరువారికై 5.17 గేరును గూడ నమ్మిరి. చక్రపు టెత్తునకై కొంత, మోయు బరువునకై మిక్కిలి గేరును పెంచిరన్నమాట. ఒకే యింజను; గేరు మార్పుచే నది బరువుబండి యైనది.

నా శిష్యుని కష్టమునకు సరియైన పోలిక రెండవ ప్రపంచయుద్ధకాలమున దొరకును. అమెరికా సైన్యమునకు డాడ్జి కంపెనీవారు 1940 మొదలు అర టన్ను మోయు నాలుగుచక్రముల నడుపుబండ్లను చేసి యిచ్చిరి. వాని టైర్లు 7.50–16 కొలత, ఇరుసు గేరు 4.89. ఆ బండ్లు ఎత్తుగాను, ఇఱుకుగాను ఉండెను. 1942లో వానికి బదులుగా ముప్పాతిక టన్ను మోయు బండ్లను వెడల్పుగాను, పొట్టిగాను చేసిరి. టైర్లను 9.00–16 కొలతకుఁ బెంచిరి. ఇంజను మాత్రము మునుపటి బండ్లలోఁ గడపటివాని యింజనే: 230 ఘనాంగుళముల ఆఱు సిలిండర్లది. ఇక గేరు మాట చూడుఁడు.

ఆ కాలపు టైర్లమీఁద 7.50–16 అని యున్నచో, నడిమి యుక్కుచక్రము 16 అంగుళములు, టైరు మందము 7½ అంగుళములు. టైరు పైనను క్రిందను ఉండును గనుక 16నకు రెండు ఏడున్నరలు కలుపఁగా 31. అట్లే రెండవదానికి 16నకు రెండు తొమ్మిదులు కలుపఁగా 34. ఇది స్థూలపు లెక్కయే, గాని మన పనికిఁ జాలును. ఇప్పుడు త్రైరాశికము వేయుఁడు: 31 అంగుళములకు 4.89 గేరైనచో 34 అంగుళములకు ఎంత? 4.89ని 34చే గుణించి 31చే భాగింపఁగా 5.36 వచ్చును. టైరు పెరిగిన నష్టమును దీర్చుటకు ఇంతమాత్రము చాలును. కాని యా యింజనీర్లు 5.36తో నాఁగలేదు, 5.83 పెట్టిరి. ఎందుకు? బండి బరువును, మోయు సరకును గూడఁ బెరిగినవి. మొదటి మెట్టు టైరు కొఱకు, రెండవ మెట్టు బరువు కొఱకు. టైరును మార్చినవారే గేరును మార్చిరి. రెండును ఒకే చిత్రపటముపై గీఁచిరి.

టైరు మాఱకున్నను పని మాఱినచో గేరు మాఱవలెననుటకు జీపుబండి సాక్షి. యుద్ధకాలపు విల్లీసు జీపునకు క్రౌను పండ్లు 39, పినియను పండ్లు 8, గేరు 4.88. 1945లో రైతులకొఱకని చేసిన జీపునకు టైరు మునుపటి కొలతదే, కాని క్రౌను పండ్లు 43, పినియను పండ్లు 8, గేరు 5.38. సిపాయికి వేగము కావలెను, రైతునకు ఈడ్పు కావలెను. ఇరుసులోని నాలుగు పండ్లు ఆ భేదమును దీర్చినవి.

ఇక్కడఁ బెద్దలలో నెవరైనను, "మఱి ట్రాక్టరు వెనుకచక్రము నిలువెత్తున నుండును; అది బ్రహ్మాండముగా ఈడ్చుచున్నదే!" అని యడుగవచ్చును. మంచి ప్రశ్న. ట్రాక్టరు చక్రము పెద్దది గనుక ఈడ్చుట లేదు, పెద్దదైనను ఈడ్చుచున్నది. మెత్తని నేలలో దిగఁబడకుండుటకు అంత చక్రము కావలెను. ఆ చక్రమునకుఁ జెల్లింపవలసిన సుంకమును దాని లోపలి గేరులు చెల్లించుచున్నవి. ఇంజను వేగమును గేరుపెట్టెలో నొకమాఱు, వెనుక యిరుసు దగ్గఱ మఱల మఱల తగ్గించి, ఆ తగ్గిన వేగమును బలముగా మార్చి చక్రమున కిత్తురు. అందుకే ట్రాక్టరు ఈడ్చును గాని పరుగెత్తదు. నా శిష్యుఁడు ట్రాక్టరు చక్రమును జూచెను. దాని లోపలి సుంకమును జూడలేదు.

ఇఁక మా యింటి యరుగుమీఁది లెక్కకు వత్తము. ముందుగా అతనితో, "టైరు ప్రక్కన వ్రాసిన యంకెను నమ్మకుము. నిండుబరువుతో టైరు కొంత అణఁగును. చక్రముపై సుద్దతో గీఁత గీసి, నేలపైఁ గూడ గుర్తు పెట్టి, బండిని ఒక చుట్టు త్రోయించుము. రెండు గుర్తుల నడిమి దూరమే నిజమైన లెక్క" అని చెప్పితిని. అతఁడు పాత టైర్లకును క్రొత్త టైర్లకును అట్లే చేసి వచ్చెను. రెండు దూరముల నిష్పత్తి 30కి 34 గానే వచ్చినది. అతని లారీకిఁ గ్రౌను పండ్లు 41, పినియను పండ్లు 10, గేరు 4.10.

నేను పలక తెప్పించి రెండు లెక్కలు చేసితిని. ఈడ్పుబలము మాట వ్యస్తత్రైరాశికము: చక్రము పెరిగినకొలఁది బలము తఱుఁగును. 34 బస్తాల బలము 30 బస్తాలకు దిగినది. నిండుబరువుతో గట్టు ఎక్కు బండికి ఆ నాలుగు బస్తాల బలమే ప్రాణము. ఇంజను ముసలిది కాలేదు. దాని చేతిలోని కఱ్ఱ నిడుపైనది. గేరు మాట క్రమత్రైరాశికము: 4.10ని 34చే గుణించి 30చే భాగింపఁగా 4.65 కావలెను. అదియుఁ గాక, గేరుపెట్టెచే నడుచు వేగపు మీటరు 30 చూపునప్పుడు బండి నిజముగా 34 పోవుచుండును. తోలువాఁడు మెల్లగాఁ బోవుచున్నాననుకొనును; బండి మెల్లగాఁ బోదు.

అయితే 4.65 గేరు అంగడిలో దొరకవలెఁ గదా. పండ్లకు భిన్నము లేదు. సగము పన్ను చెక్కుట యెవరికిని సాధ్యము కాదు. కాఁబట్టి గేరులు మెట్లుగా నుండును, వాలుగా నుండవు. అతని యిరుసునకుఁ దగినవి రెండు దొరకునని తెలిసినది: 41కి 9, అనఁగా 4.56, 39కి 8, అనఁగా 4.88. మొదటిదానితో మునుపటి యీడ్పునకు నూటికి రెండు పాళ్ళు తక్కువ యగును. రెండవదానితో నూటికి అయిదు పాళ్ళు ఎక్కువ యగును. కాని అదే వేగమున కింజను అయిదు పాళ్ళు ఎక్కువ తిరిగి నూనె త్రాగును. పినియను పండ్లు తగ్గినకొలఁది అది చిన్నదై, పండ్లపై నొత్తిడి పెరుగుననునదియు మఱువరాదు. అతని కుమారుఁడు పెద్దరోడ్డుపైఁ బోవుటకు 4.56 మేలనెను. తండ్రి గట్టును దలఁచుకొని 4.88 మేలనెను. నేను తండ్రి పక్షమైతిని. నాకు నా లెక్కపై మిక్కిలి తృప్తి కలిగెను.

మఱునాఁడు ముగ్గురమును మెకానికు మేస్త్రీ యొద్దకుఁ బోయితిమి. అతఁడు బడిలో నైదవ తరగతి దాఁటనివాఁడు. నా పలకను శ్రద్ధగాఁ జూచి, తల యూఁచి, "పంతులుగారూ, తమ లెక్క బాగున్నదండి. ఎక్కేటప్పటికి సరిపోతుంది. మఱి దిగేటప్పుడు? బ్రేకు సంగతేమిటండీ?" అని యడిగెను.

నాకు మాట రాలేదు. ఆలోచింపఁగా నతని మాట యెంత నిజమో తెలిసినది. బ్రేకు చక్రము దగ్గఱనే యుండి చక్రమునే పట్టుకొనును. క్రౌనుపినియనులు దానికి ముందే యున్నవి. గేరును ఎంత మార్చినను బ్రేకునకు ఒరుగునది లేదు. చక్రము 30నుండి 34 అయినచో, అదే బ్రేకు నేలదగ్గఱ బండిని ఆఁపు బలము 34 పాళ్ళనుండి 30 పాళ్ళకుఁ దగ్గును. గట్టుమీఁద లారీ యాఁగక వెనుకకు జాఱుటకు బ్రేకు కూడ నొక కారణము. నేను ఎక్కు లెక్క చేసితిని. దిగు లెక్క చేయలేదు. డాడ్జివారు టైరుతోఁ గూడ బండినంతయు మఱల గీఁచుకొనిరని నోటఁ జెప్పిన నేనే, టైరును గేరును మాత్రము చూచి సంతోషించితిని.

1988నాఁటి మోటారు వాహనముల చట్టము తయారుచేసినవారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా బండిని యజమాని తనంతఁ దాను మార్చుటను నిషేధించుచున్నది. ఆ నిషేధమును మునుపు నేను సర్కారువారి చాదస్తమనుకొనెడివాఁడను. మేస్త్రీ ప్రశ్న విన్న పిదప దాని వెనుక నున్న యర్థము తెలిసినది. బండిలోని యొక యంకె మాఱినచో ఏ యే యంకెలు మాఱవలెనో అందఱికిని తెలియదు.

తుదకు నా శిష్యుఁడు పెద్దటైర్లను విప్పించి, పాత కొలతవే వేయించెను. కాలిన క్లచ్చిపలకను మార్పించెను. ఇంజనును ముట్టలేదు. అప్పుపత్రము చింపఁబడినది. ఇప్పుడు పుంతలోనుండి బస్తాలను ట్రాక్టరు తొట్టెలో రోడ్డువఱకుఁ దెచ్చి, అక్కడ లారీకి మార్చుచున్నారు. కూలి కొంచెము ఎక్కువ యగుచున్నది. బస్తాలపై మనుష్యుల నెక్కించుట మానివేసినాఁడు. కాలు విఱిగిన యామెకు వైద్యమునకైన వ్యయమును, ఆమె పనిలోనికి రాలేని దినముల కూలిని అతఁడే యిచ్చుకొనెను. అందులకు ఇంటి బంగారములోఁ గొంత పోయినది. ఆమె నేఁటికిని కొంచెము కుంటుచు నడచుచున్నది. నేను కాలువగట్టుమీఁద నామెను జూచినప్పుడెల్ల నాకొక విషయము జ్ఞప్తికి వచ్చును.

ఆ శిష్యునకు త్రైరాశికము చెప్పినవాఁడను నేనే. భాస్కరాచార్యుని లీలావతిలో నది యున్నది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును దెనిఁగించిన పావులూరి మల్లన మన భాషలోనే గణితమును జెప్పినాఁడు. నేను ఆ పేళ్ళను గర్వముతోఁ జెప్పి, ఇన్ని మామిడిపండ్లకు ఇంత వెల యైనచో అన్ని పండ్లకు ఎంత యని లెక్కలు చేయించితిని. అతఁడు తప్పు లేకుండఁ జేసెడివాఁడు. కాని ఆ సూత్రము తన బండి యిరుసులోఁ గూర్చున్నదని నేనెన్నఁడును జెప్పలేదు, నాకును తెలియదు. పలకమీఁది లెక్క పలకమీఁదనే నిలిచిపోయిన దోషములో నాకును పాలు కలదు.

కావున పెద్దలారా, మీ యిండ్లలోని కుఱ్ఱవాండ్రు మోటారుబండ్లకు ఎత్తైన టైర్లు వేయింపఁబోవునప్పుడు "బండి చక్రము పెద్దదైన మేలేకదా" యని వారికి వంత పాడకుఁడు. ఎద్దు వెలుపల నున్న బండి లెక్క వేఱు, ఎద్దు లోపల నున్న బండి లెక్క వేఱు. మూఁడు ప్రశ్న లడుగుఁడు: చక్రమునకుఁ దగిన గేరు ఉన్నదా? మీటరు చూపు వేగము నిజమైనదేనా? ఎక్కిన బండిని ఆఁపఁగల బ్రేకు ఉన్నదా? మూఁడింటికిని సమాధానము దొరకనిచోఁ బాత చక్రమే చాలును. మూఁడవ ప్రశ్న నాది కాదు. ఐదవ తరగతి చదివిన మేస్త్రీది. దానిని మొట్టమొదట నడుగుఁడు.